స్నానాల గదిలో మంట: గ్యాస్ గీజరు చర్చలో తేలినవి, తేలనివి

గ్యాస్ గీజరు పెట్టించుకోవచ్చా అని హైదరాబాద్‌లోని నాచారంలో నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ఐఎస్ఐ మార్కు ఉంటే ఏ భయమూ లేదంటాడు షాపతను. ట్యూబు మార్చి, ఏడాదికోసారి సర్వీసు చేయిస్తే చాలంటాడు మెకానిక్. బాత్రూంలో పెట్టనే వద్దంటాడు డాక్టరు. కరెంటు గీజరుకు వైరింగు చాలదు, గ్యాసుదే పెట్టుకోమంటాడు ఇల్లు కిరాయికిచ్చిన ఓనరు. వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రమాదాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. చర్చ చిక్కుపడింది అక్కడే. ఈ వ్యాసం ఆ వాదాలను విడదీసి, దేనికి ఎంత బలముందో చూసి, ఇంకా తేలనివేమిటో చెప్పే ప్రయత్నం.

## రెండు ప్రమాదాలు

మొదటిది గ్యాసు లీకవడం. మండని గ్యాసు గదిలో చేరి, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. దీన్ని ఎదుర్కోవడానికి మనకు ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. వంటగ్యాసుకు సొంత వాసన ఉండదు కాబట్టి ముక్కుకు తెలిసేలా మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఉక్కు తీగ అల్లిన సురక్షా ట్యూబు, దానికి ఐదేళ్ళ గడువు, లీకైతే రాత్రీ పగలూ పలికే 1906 నంబరు ఉన్నాయి. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. పైపు గ్యాసు, అంటే మీథేన్, తేలిక, కప్పు కిందికి చేరుతుంది. అందుకే లీకు కనిపెట్టే డిటెక్టరును సిలిండరున్న ఇంట్లో నేలకు దగ్గరగా, పైపు గ్యాసున్న ఇంట్లో పైన పెడతారు.

రెండోది గ్యాసు సరిగా మండకపోవడం. చాలినంత గాలి దొరికితే మంట నీలంగా ఉంటుంది, బయటికి వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి. గాలి చాలకపోయినా, బర్నరు పూడుకుపోయినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, బరువు దాదాపు గాలంతే. నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెర్‌కాప్టాన్ మంటలో కాలిపోతుంది కాబట్టి ఈ పొగకు ఆ హెచ్చరిక వాసన కూడా ఉండదు. లీకు డిటెక్టరు దీన్ని పట్టదు, సబ్బు నురగ పరీక్షకు ఇది చిక్కదు.

షాపతని ఐఎస్ఐ మార్కు, మెకానిక్ కొత్త ట్యూబు ఎక్కువగా మొదటి ప్రమాదానికి సమాధానాలు. డాక్టరు భయపడేది రెండోదానికి.

## కట్టెల బాయిలరు నుంచి గోడ గీజరు దాకా

స్నానాల గదిలో గ్యాసు మంటతో నీళ్ళు కాచే యంత్రానికి లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ 1868లో పేటెంటు తీసుకున్నాడు. దానికి పొగగొట్టం లేదు. పొగ ఎటు పోవాలన్న ప్రశ్న ఆ యంత్రంతోనే పుట్టింది.

మన ఇళ్ళలో ఆ ప్రశ్న చాలాకాలం రాలేదు. పెరట్లో పొయ్యి మీద కాగు, వసారాలో రాగి బాయిలరు, రెండూ ఆరుబయటి మంటలే. ప్రమాదమల్లా చలికి బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు బిగించుకున్నప్పుడు. ఆ పొగలో చంపేది కూడా ఈ కార్బన్ మోనాక్సైడే. పెరడు పోయి ఫ్లాటు వచ్చాక నీళ్ళు కాచడం ఇంట్లోకి వచ్చింది. కరెంటు గీజరు, నీళ్ళలో ముంచే రాడ్డు, గ్యాస్ గీజరు పోటీ పడ్డాయి. తిప్పగానే వేడినీళ్ళు, కరెంటు పోయినా ఆగని పని, 2 కిలోవాట్ల లోడు మోయలేని పాత వైరింగుతో గొడవ లేకపోవడం గ్యాస్ గీజరుకు కలిసొచ్చాయి. రెండు టార్చి సెల్లులతో అంటుకునే ఈ పెట్టెకు ప్లగ్గు కూడా అక్కర్లేదు.

హైదరాబాద్ తూర్పున ఉప్పల్, రామంతాపూర్, నాచారం, మల్లాపూర్, మల్కాజిగిరి ఒకే రకం ఇళ్ళున్న చోట్లు కావు. పారిశ్రామికవాడల చుట్టూ వరసగా కట్టిన కిరాయి గదులు, వెంటిలేటరున్న పాత కాలనీ ఇళ్ళు, బాత్రూం కిటికీ డక్టులోకి తెరుచుకునే అపార్టుమెంట్లు, యూపీవీసీ కిటికీలు బిగించిన కొత్త టవర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకే గీజరు ఒక ఇంట్లో పదేళ్ళు నిక్షేపంగా పనిచేసి, పక్కింట్లో మొదటి చలికాలమే మనిషిని పడగొట్టవచ్చు. తేడా యంత్రంలో లేదు, గాలి రాకపోకల్లో ఉంది.

## చిన్న గదిలో పెద్ద లెక్క

నిమిషానికి 6 లీటర్ల గీజరు నీళ్ళను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే 10 కిలోవాట్ల పైచిలుకు వేడి కావాలి. యంత్రంలో పోయేది కూడా కలిపితే గంటకు దాదాపు కిలో గ్యాసు మండుతుంది. వంటింటి స్టవ్వు మీది ఒక మామూలు బర్నరుకు ఇది ఐదారు రెట్లు. ఐదారు పొయ్యిలు ఒకేసారి ముట్టించి తలుపు మూసుకుని ఎవరూ వంట చేయరు. ఆ గీజరు కింద మాత్రం గడియ పెట్టుకుని స్నానం చేస్తారు.

కిలో గ్యాసు పూర్తిగా మండడానికి 13 ఘనమీటర్ల దాకా గాలి కావాలి. అయిదడుగులు, ఆరడుగులు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉండే మొత్తం గాలి 7 ఘనమీటర్లలోపే. సందు లేకుండా మూసి ఉంటే పది నిమిషాల స్నానంలో ఆ గదిలోని ప్రాణవాయువులో మూడో వంతు మంటకే పోతుంది. నిజానికి ఏ గదీ అంత బిగువుగా ఉండదు. తలుపు కింద సందు, వెంటిలేటరు కొంత గాలి తెస్తాయి. కానీ చలికాలంలో ఆ వెంటిలేటరుకే అట్టముక్క అడ్డం పెడతారు, తలుపు కింద తువ్వాలు దూరుస్తారు. ప్రాణవాయువు తగ్గేకొద్దీ మంట దెబ్బతిని కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. వరసగా ముగ్గురు స్నానం చేస్తే ప్రమాదం ఎక్కువ మూడో వ్యక్తికే, ఎందుకంటే ముందు ఇద్దరి పొగ అప్పటికే గదిలో ఉంటుంది.

గీజర్లలో పెట్టే 20 నిమిషాల టైమరు మీద జనానికి నమ్మకం ఎక్కువ. పై లెక్క చూస్తే ఆ గడువు సగమయ్యేసరికే గదిలో గాలి చెడిపోతుంది. పైగా చాలా మోడళ్ళలో కుళాయి కట్టేసి మళ్ళీ తిప్పితే టైమరు మొదటి నుంచి మొదలవుతుంది.

## నాలుగు వాదాలు

ఒకటి: చోటు మార్చాలి. గీజరును గాలాడే బాల్కనీలోనో, వాష్ ఏరియాలోనో పెట్టి, వేడినీళ్ళ పైపును మాత్రం బాత్రూంలోకి తేవాలంటుంది ఈ వాదం. వైద్యులు, భద్రత నిపుణులు ఎక్కువగా ఈ పక్షమే. దీని బలం దాని సాదాతనంలో ఉంది. మంట ఎంత చెడ్డగా మండినా పొగ స్నానం చేసేవాళ్ళ ముక్కుకు చేరదు. అయితే కిరాయి ఇంట్లో గోడ తొలిచి పైపు లాగడానికి ఓనరు ఒప్పుకోవాలి. వాష్ ఏరియాకు అద్దాలు బిగించి గదిలా మార్చుకున్న ఇళ్ళలో అది పేరుకే బయట. గీజరు డక్టులో పెడితే పొగ పైఅంతస్తు వాళ్ళ బాత్రూం కిటికీలో దూరుతుంది. పావురాలకు అడ్డంగా కట్టిన వలలు, వాటి వెనక పేరుకున్న చెత్త డక్టులో గాలిని ఇంకా తగ్గిస్తాయి.

రెండు: యంత్రాన్ని మార్చాలి. పొగగొట్టం లేని గీజర్లను మానేసి, పొగను గోడ బయటికి పంపేవీ, వీలైతే గాలిని కూడా బయటి నుంచే తీసుకునేవీ వాడాలన్నది ఇంజినీర్ల మాట. బ్రిటన్ 1998 నిబంధనలు ఈ దారే పట్టాయి. అక్కడ బాత్రూంలో పెట్టే గ్యాసు యంత్రం గదిలోని గాలితో సంబంధం లేకుండా మూసినదై ఉండాలి. చైనా పొగను నేరుగా గదిలోకి వదిలే గీజర్ల తయారీని 1999లో, అమ్మకాన్ని 2000లో ఆపేసింది.

మన మార్కెట్లో ఈ వాదం ఎక్కువగా సెన్సరు రూపంలో కనిపిస్తుంది. గాలిలో మామూలుగా 21 శాతం ఉండే ప్రాణవాయువు 18 దరిదాపులకు దిగితే బర్నరును ఆపడం దాని పని. మంచిదే, కానీ అది కొలిచేది ప్రాణవాయువును. బర్నరు పూడుకుపోయిన గీజరు ప్రాణవాయువు నిండా ఉన్న గదిలో కూడా కార్బన్ మోనాక్సైడ్ వదలగలదు.

యంత్రం మీద మాత్రమే ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి జపాన్ అనుభవం చాలు. పలోమా కంపెనీ గీజర్లతో 1985 నుంచి 2005 దాకా 21 మంది చనిపోయారని 2006లో బయటపడింది. చాలా చోట్ల రిపేరుకొచ్చినవాళ్ళు భద్రత పరికరాన్ని పక్కనపెట్టి వైరు కలిపారు. పొగను తోసే ఫ్యాను ఆగిపోయినా మంట మండుతూనే ఉంది. ఆ తర్వాతే, తమ వస్తువుతో పెద్ద ప్రమాదం జరిగితే తయారీదారు 10 రోజుల్లో ప్రభుత్వానికి చెప్పాలని ఆ దేశం చట్టం మార్చింది.

మూడు: సర్వీసు చేయించాలి. యంత్రంలో తప్పులేదు, మనం పట్టించుకోకపోవడంలోనే ఉందంటారు మెకానిక్‌లు, అమ్మకందారులు. ఇందులో నిజం చాలా ఉంది. కానీ నిన్ననే శుభ్రం చేసిన గీజరు కూడా మూసిన గదిలో గాలిని అంతే వేగంగా తినేస్తుంది. సర్వీసు అవసరమే, అదొక్కటే చాలదు.

నాలుగు: గ్యాసే వద్దు. కరెంటు, సోలారు, హీట్ పంపు వైపు వెళ్ళాలన్నది చివరి వాదం. ఖర్చు తేడా అనుకున్నంత లేదు. ఒక్కొక్కరికి 15 లీటర్ల వేడినీళ్ళ చొప్పున నలుగురి స్నానాలకు నెలకు 60 యూనిట్ల కరెంటు, లేదా 5 కిలోల పైచిలుకు గ్యాసు పడుతుంది. యూనిట్ 5 రూపాయలు, సిలిండరు 900 చొప్పున వేస్తే రెండూ 300 చుట్టుపక్కలే.

తెలంగాణలో ఈ లెక్క మీద పథకాల నీడ కూడా పడింది. 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం, మహాలక్ష్మి కింద సిలిండరు 500 రూపాయలకు. గీజరు 60 యూనిట్లతో కరెంటు లెక్క 200 దాటితే ఉచితం పోతుందన్న భయం కొన్ని ఇళ్ళను గ్యాసు వైపు నెడుతుంది. 200కు చాలా కింద ఉన్న ఇంటికి కరెంటు గీజరే చవక. కరెంటుకు దాని ప్రమాదం దానికుంది. ఎర్తింగు లేని ఇంట్లో, బకెట్లో ముంచిన రాడ్డుతో షాకు కొట్టే ముప్పు తక్కువేమీ కాదు.

| వాదం | దేన్ని ఆపుతుంది | ఎక్కడ తడబడుతుంది |
|---|---|---|
| చోటు మార్చడం | పొగ మనిషిని చేరడాన్ని | కిరాయి ఇళ్ళు, మూసేసిన వాష్ ఏరియాలు, డక్టులు |
| యంత్రం మార్చడం | పొగ గదిలో చేరడాన్ని | ధర, ప్రాణవాయువునే చూసే సెన్సరు, రిపేరులో తీసేసే భద్రత |
| సర్వీసు | పొగ ఎక్కువగా పుట్టడాన్ని | గాలిలేని గదిని బాగు చేయలేదు |
| గ్యాసు మానడం | మంటనే | పాత వైరింగు, ఎర్తింగు, 200 యూనిట్లు దాటే భయం |

నాలుగూ ఒకదానికొకటి పోటీ కావు. ప్రమాదపు గొలుసును వేరువేరు లంకెల దగ్గర తెంపుతాయి. ఎవరి లంకె వాళ్ళు చూపి ఇదే చాలనడంతోనే పేచీ.

## ఎగ్జాస్టు ఫ్యాను, అలారం

ఫ్యాను వేసుకుంటే సరిపోతుందన్న మాట అన్ని చోట్లా వినిపిస్తుంది. పొగగొట్టం లేని గీజరున్న గదిలో, కింద నుంచి గాలి వచ్చే దారి ఉంటే ఫ్యాను మేలు చేస్తుంది. దారి లేకపోతే రెక్కలు తిరుగుతాయి గానీ గాలి కదలదు. మామూలు పొగగొట్టమున్న గీజరుకైతే ఫ్యాను కీడే చేయవచ్చు. గదిలోంచి గాలిని లాగేసరికి గొట్టంలో పైకి వెళ్ళాల్సిన పొగ వెనక్కి తిరిగి గదిలోకే దిగుతుంది. ఒకే సలహా ఒక యంత్రానికి మందు, ఇంకోదానికి విషం.

కార్బన్ మోనాక్సైడ్ అలారం సంగతి కూడా ఇలాంటిదే. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో పడకగది దగ్గర అది మామూలు వస్తువు. అక్కడి యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం గాలిలో 70 పీపీఎం (పది లక్షల భాగాల్లో 70) ఉంటే గంట నుంచి నాలుగు గంటల్లో, 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. రాత్రంతా మెల్లగా చేరే పొగకు ఆ గడువు సరిపోతుంది. నిమిషాల్లో నిండే బాత్రూంకు అది ఆలస్యం, పైగా ఆవిరి నిండే గదిలో అలారం పెట్టడం తగదు. గీజరు వాష్ ఏరియాలో ఉన్న ఇంట్లో, లోపలి గదిలో అలారం పెట్టుకోవడం మంచి రెండో కాపలా.

## తుడవడం, చూడటం: ఎవరి పని ఎంత

ఇంట్లోవాళ్ళు చేయగలిగిందీ, మెకానిక్‌కు వదిలేయాల్సిందీ ఏమిటన్న దాంట్లో పెద్దగా తగాదా లేదు.

ఇంట్లోవాళ్ళది చూపు పని. గీజరు అద్దంలోంచి మంట రంగు చూడాలి. నీలంగా, నిలకడగా ఉంటే సరే. పసుపు కొసలు ఊగుతుంటే, పెట్టె పైభాగాన గానీ గోడ మీద గానీ నల్లటి మసి కనిపిస్తే ఆ రోజుతో వాడకం ఆపాలి. అంటుకునేటప్పుడు "భప్" మని శబ్దం వస్తే గ్యాసు కాస్త పోగయ్యాక ఆలస్యంగా అంటుకుంటోందని అర్థం. సెల్లులు బలహీనపడినా ఇలా అవుతుంది కాబట్టి ముందు అవి మార్చాలి. అప్పటికీ ఆగకపోతే మెకానిక్‌ను పిలవాలి. ట్యూబు మీద అచ్చయిన సంవత్సరం చూడాలి, అతుకుల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలొస్తాయేమో చూడాలి. అగ్గిపుల్లతో ఆ పరీక్ష ఎన్నడూ చేయకూడదు. సిలిండరు దగ్గర కట్టేసి, గీజరు చల్లారాక పైన తడిగుడ్డతో తుడవచ్చు. నీళ్ళు వచ్చే చోటి జాలీ విప్పి, బోరు నీళ్ళ ఇసుక, తుప్పు కడగవచ్చు. మూత విప్పి బర్నరు ముట్టుకోవడం మాత్రం ఇంటి పని కాదు.

మెకానిక్‌ది లోపలి పని. బర్నరు రంధ్రాల్లో దుమ్ము, బొద్దింకలు, సాలెపురుగుల గూళ్ళు తీయాలి. రాగి రేకుల మధ్య పట్టిన మసిని బ్రష్షుతో దులపాలి. అక్కడ దారి మూసుకుపోతే పొగ పైకి వెళ్ళక మంటే చెడుతుంది. హైదరాబాద్ బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పు నీళ్ళే. వేడెక్కిన గొట్టాల్లో సున్నం పొర కడుతుంది, నీళ్ళ ధార సన్నగిల్లుతుంది, గొట్టం మితిమీరి కాలుతుంది. నిమ్మ ఉప్పులాంటి పలుచని ఆమ్లంతో ఆ పొర కరిగిస్తారు. కృష్ణా, గోదావరి నీళ్ళొచ్చే ఇంటికి ఏడాదికోసారి సరిపోయేది, పూర్తిగా బోరు మీదున్న ఇంటికి ఆర్నెల్లకే అవసరం పడవచ్చు.

పైపు గ్యాసు వచ్చిన ఇళ్ళకు ఇంకో సంగతి ఉంది. గెయిల్, హెచ్‌పీసీఎల్ ఉమ్మడిగా 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ నగరంలో ఈ సరఫరా చేస్తోంది. సిలిండరు గ్యాసు యంత్రానికి 30 మిల్లీబార్ల ఒత్తిడితో వస్తుంది, పైపు గ్యాసు 21తో. రెండింటి వేడీ ఒకటి కాదు. సిలిండరుకు చేసిన గీజరును జెట్లు మార్చకుండా పైపుకు తగిలిస్తే మంట తీరు తప్పుతుంది. కనెక్షను మారిన రోజే గీజరు సంగతి కూడా అడిగి తేల్చుకోవాలి.

## ఆస్పత్రిలో దారి తప్పే జబ్బు

ఈ విషం గుర్తుపట్టడం కష్టం. తలనొప్పి, తల తిరగడం, వాంతి, కాళ్ళు తేలిపోవడం అన్నీ చలికాలపు నీరసంలా కనిపిస్తాయి. బాత్రూంలో పడిపోయినవాళ్ళను మూర్ఛ, పక్షవాతం, గుండె జబ్బు అని చూడటం సహజం. గ్యాస్ గీజరుతో వచ్చే మూర్ఛల మీద, స్పృహ తప్పడం మీద మన దేశపు నరాల వైద్యులు 2000 తర్వాతి దశకంలో వరసగా రాశారు కాబట్టి ఇది వైద్యానికి కొత్త కాదు. అయినా వేలికి తగిలించే ఆక్సిమీటరు ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన నెత్తురును కూడా అది ప్రాణవాయువుతో నిండినట్టే చూపిస్తుంది. తేల్చేది కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్తపరీక్ష. దాన్ని చేయించాలంటే, ఇంట్లో గ్యాస్ గీజరు ఉందన్న ఒక్క మాట డాక్టరు చెవిన పడాలి.

చేయాల్సింది మాత్రం సూటిగా ఉంటుంది. తలుపు తెరవాలి, గ్యాసు కట్టేయాలి, మనిషిని బయటి గాలికి తేవాలి, 108కు ఫోన్ చేయాలి. మామూలు గాలిలో నెత్తుటిలోని ఈ విషం సగమవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ప్రాణవాయువు ఇస్తే గంటన్నరలోపు సగమవుతుంది. బాగైనట్టు కనిపించినవాళ్ళలో కొందరికి రోజుల తర్వాత, వారాల తర్వాత మతిమరుపు, నడక తడబాటు రావచ్చు. కాబట్టి తేరుకున్నాక కూడా ఒకసారి చూపించుకోవాలి.

## ఇంకా తేలనివి

మొదటిది లెక్క. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రమాద మరణాల నివేదికలో సిలిండరు, స్టవ్వు పేలుళ్ళకు ఒక గడి ఉంది. గీజరు పొగ మరణాలకు విడిగా గడి లేదు. పేలింది లెక్కలోకి వస్తుంది, నిశ్శబ్దంగా చంపింది వేరే ఖాతాల్లో కలిసిపోతుంది. ఎంతమంది అన్నదే తేలకపోతే, నిషేధమా నియంత్రణా అన్న వాదన ఊహల మీదే సాగుతుంది. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న ఈ తూర్పు హైదరాబాద్‌లో పైన చెప్పిన నాలుగు రకాల ఇళ్ళ బాత్రూంలలో చలికాలమంతా గాలిని కొలవడం అసాధ్యమైన పనేమీ కాదు. ఇంటి లోపలి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో గీసిన గీత, 15 నిమిషాలకు ఘనమీటరుకు 100 మిల్లీగ్రాములు, పోల్చుకోవడానికి ఉండనే ఉంది.

రెండోది బాధ్యత. ఐఎస్ఐ ప్రమాణం పెట్టె నాణ్యతకు హామీ ఇస్తుంది గానీ దాన్ని ఏ గోడకు తగిలించారో చూడదు. గ్యాసు ఏజెన్సీ తనిఖీ ముఖ్యంగా సిలిండరు, రెగ్యులేటరు, ట్యూబు, స్టవ్వు చుట్టూ తిరుగుతుంది. గీజరు బిగించేది ప్లంబరు, కొనేది కిరాయిదారు, గోడ ఓనరుది. బ్రిటన్‌లో కిరాయి ఇంటి గ్యాసు యంత్రాలను ఏటా రిజిస్టరైన ఇంజినీరుతో తనిఖీ చేయించే బాధ్యత ఓనరుదే. అలాంటి నియమం కిరాయి గదులు ఎక్కువున్న ఉప్పల్, నాచారంలో పనికొస్తుందా, లేక ఓనర్లు గీజరు తీసేసి రాడ్డు చేతికిస్తారా అన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న.

మూడోది క్రమం. నాలుగు వాదాల్లో ఏది ముందు? ఉన్న ఆధారాన్ని బట్టి జవాబు చెప్పవచ్చు. ముందు చోటు, తర్వాత పొగదారి, ఆ తర్వాత సర్వీసు, చివరికి సెన్సరు, అలారం. మన అమ్మకాల ప్రచారం సరిగ్గా తిరగేసి, సెన్సరుతో మొదలవుతుంది.

ప్రభుత్వం, కంపెనీలు తేల్చేదాకా ఆగనక్కర్లేని నిర్ణయం ఇంటివాళ్ళ చేతిలో ఒకటుంది. గీజరును బాత్రూం నుంచి బయటికి మార్చే వీలుంటే ఈ చలికాలమే మార్చాలి. వీలు లేకపోతే, ముందే బకెట్ నింపుకుని, గీజరు కట్టేసి, గది కాసేపు గాలాడాకే తలుపు వేసుకుని స్నానం చేయాలి. షవరు సుఖం ఒకటి పోతుంది. మంటా మనిషీ ఒకే గది గాలిని పంచుకునే పరిస్థితి కూడా దాంతోనే పోతుంది.